చెరుకు మిషన్‌లో పెట్టిన బ్యాటు

పి.ఈ.టి.లుగా కొత్తగా చేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందే ఒక మాట చెప్పాలి. రిటైరైనవాళ్లు రాసే ఉద్యోగ జ్ఞాపకాల్లో వాళ్లు ఎప్పుడూ తప్పు చేయరు. పై అధికారులు చేస్తారు, తోటి ఉద్యోగులు చేస్తారు, ప్రభుత్వం ఎలాగూ చేస్తుంది. వీళ్లు మాత్రం విలువలకు కట్టుబడి, దండలు వేయించుకుని, శాలువా కప్పుకుని ఇంటికొస్తారు. నా దగ్గరా మూడు శాలువాలున్నాయి. రెండు కప్పుకోవడానికి పనికిరావు, మూడోది మిక్సీ మీద దుమ్ము పడకుండా కప్పాను. అందుకని అలాంటి కథ కాకుండా, నేను ఒక మంచి బ్యాటును ఎలా చంపానో, దానితోపాటు ఒక పిల్లకు ఏడాది కాలం ఎలా పోగొట్టానో చెబుతాను.

నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. అంటే ప్రార్థనలో విజిల్ ఊదాలి, పరీక్షలప్పుడు బల్లలు మోయించాలి, ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసులో పిల్లల్ని నోరు మూయించి కూర్చోబెట్టాలి. ఇవన్నీ అయ్యాక టైము మిగిలితే ఆటలు నేర్పాలి. ధర్పల్లిలో మొదలుపెట్టి, భీమ్‌గల్‌లో పదేళ్లు గడిపి, చివరికి నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద ఒక ఆడపిల్లల హైస్కూలుకు చేరాను. అక్కడ గ్రౌండ్ ఉండేది. సగం మాది, సగం పసుపుది. పసుపు తవ్వే కాలంలో రైతులు ఉడికించిన కొమ్ములు తెచ్చి మా గ్రౌండ్ ఎడమ వైపంతా ఆరబోసేవాళ్లు. అటు కొట్టిన బంతి పచ్చగా తిరిగొచ్చేది.

మేము ఆడేది సాఫ్ట్‌బాల్. పేరుకే మెత్తన, ఆ బంతి తగిలితే మెత్తదనం ఏమిటో తెలుస్తుంది. కింది నుంచి చెయ్యి తిప్పి విసిరిన బంతిని గుండ్రటి బ్యాటుతో బాది, బేసులనే నాలుగు మూలలూ చుట్టి రావాలి. మా వైపు ఊళ్లలో ఆడపిల్లలకు ఈ ఆట బాగా వచ్చు. ఎందుకు వచ్చని అడిగితే, నేర్పింది మేమేనని ప్రతి పి.ఈ.టి. చెబుతాడు. నేనూ చెప్పాను, చాలాసార్లు, మైకులో కూడా.

ఆ ఏడాది మా జట్టులో పదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. బక్కపల్చటి మనిషి. కానీ మణికట్టు తిప్పిందంటే బంతి ఎటు పోయిందో వెతుక్కోవాలి. పొద్దున గ్రౌండ్‌లో మాతో, సాయంత్రం ఇంట్లో తల్లి పక్కన కూర్చుని బీడీ ఆకు కత్తిరించడంలో ఆమె రోజు గడిచేది. ఒకసారి తల్లి స్వయంగా స్కూలుకు వచ్చి నాతో సాఫ్‌గా మాట్లాడింది.

"మేడమ్, రాష్ట్రం టీముల తీసుకుంటే హాస్టల్ల సీటిస్తరంటున్నవ్. తిండి, సదువు అన్ని ఆళ్లే సూస్కుంటరంటున్నవ్. గట్లయితే పంపిస్త. రాకుంటే మాత్రం పదోతరగతి కాంగనే బంద్. నాకు ఒక్కదానికి ఆకు ఎల్తలేదు."

డిసెంబరులో జరిగే రాష్ట్ర పోటీల్లో ఎంపికైతే చదువు, కాకపోతే బీడీలు. నేను చాలా ధీమాగా, "మీరు ఫికరు పెట్టుకోకుండ్రి, నాకు ఇడిసిపెట్టుండ్రి" అన్నాను. ఆమె నాకు ఇడిసిపెట్టింది.

ఇక బ్యాటు సంగతి. ఆగస్టు పదిహేనున ఒక రైస్‌మిల్లు యజమాని మా స్కూలుకు బ్యాటు బహూకరించాడు. మేము అప్పటిదాకా సొట్టలు పడ్డ అల్యూమినియం బ్యాటుతో ఆడేవాళ్లం. ఇది కార్బన్ నారను జిగురుతో పొరలు పొరలుగా అతికించి చేసిన కాంపోజిట్ బ్యాటు, పెద్ద పెద్ద ఆటగాళ్లు వాడే రకం. ఆయన దాన్ని గదలాగా భుజాన పెట్టుకుని ఫొటో దిగాడు. మా హెడ్మాస్టరు ఆయన గురించి మాట్లాడినంతసేపు స్వాతంత్ర్యం తెచ్చినవాళ్ల గురించి మాట్లాడలేదు. సభ అయిపోగానే పిల్లలు బ్యాటు ముట్టుకుందామని ఎగబడ్డారు. హెడ్మాస్టరు దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు.

"మేడమ్, గింత మంచి సామాను పిల్లల చేతికిస్తే రెండు దినాలల్ల ఖరాబ్ చేస్తరు. బీరువల పెడ్త. పెద్ద మ్యాచ్ ఉన్ననాడు తీద్దాం" అన్నాడు.

ఆ బీరువాలో అప్పటికే ఒక గ్లోబు, రెండు క్యారమ్ బోర్డులు, అట్ట విప్పని నిఘంటువు భద్రంగా ఉన్నాయి. బ్యాటు వాటి పక్కన చేరింది.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఆ బ్యాటు స్వభావం చెప్పాలి. కాంపోజిట్ బ్యాటు కొత్తలో మొద్దుగా ఉంటుంది. రెండు మూడు వందల బంతులు కొట్టాలి, కొట్టినప్పుడల్లా కొద్దిగా తిప్పుతూ అన్ని వైపులా సమానంగా కొట్టాలి. అప్పుడు లోపలి నార సడలి బంతిని ఎగరేస్తుంది. వాడే కొద్దీ ఇంకా బాగా ఎగరేస్తుంది. అన్నిటికంటే బాగా ఎగరేసేది పగిలిపోవడానికి ముందు. మన శాఖలో ప్రమోషన్ రిటైర్మెంటుకు నెల ముందు వస్తుంది చూడండి, అచ్చం అలాగే. బాగా చలిలో వాడకూడదు, నానిన బంతితో కొట్టకూడదు, ఎక్కడా బలంగా నొక్కకూడదు. ఇవన్నీ బ్యాటుతో వచ్చిన కాగితంలో వివరంగా రాసి ఉన్నాయి. ఆ కాగితం కూడా, ఎవరూ చదవకుండానే, బ్యాటు సంచితోపాటు బీరువాలోకి పోయింది.

దసరా ముందు ఆయుధ పూజకు బ్యాటు బయటికొచ్చింది. బోరు మోటారు, గడ్డపార, కంప్యూటరు, బ్యాటు, అన్నిటినీ వరసగా పేర్చి పసుపు కుంకుమలు పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం. బ్యాటుకు దండం పెట్టుకుని మళ్లీ లోపల పెట్టేశాం. డిసెంబరు దాకా నాలుగు నెలల్లో ఆ బ్యాటుకు జరిగిన మర్యాదల్లో దాన్ని బంతికి ఆనించడం ఒక్కటే లేదు. నేను ఎందుకు అడగలేదంటారా? ఒకసారి అడిగాను. హెడ్మాస్టరు "సూద్దాం" అన్నాడు. చూద్దాం అన్నాక మళ్లీ అడగకపోవడం సర్వీసులో త్వరగా వంటబట్టే విద్య.

రాష్ట్ర పోటీలు నిజామాబాద్‌లోనే పెట్టారు. జిల్లా జట్టులో ఎక్కువమంది మా స్కూలు పిల్లలే, కోచ్‌ని నేను. పోటీలకు ఇంకా తొమ్మిది రోజులుందనగా హెడ్మాస్టరు బీరువా తీసి, కళ్లలో తడితో బ్యాటు నా చేతిలో పెట్టాడు. ఆ రోజే పది బంతులు కొట్టించి చూశాను. మొద్దు కర్రతో కొట్టినట్టుంది. బంతి మూడు అడుగులేసి ఆగిపోయింది.

ఆ పిల్ల వెంటనే ఉపాయం చెప్పింది. "మేడమ్, రోజు పొద్దుగాల ఐదున్నరకొస్త. ముప్పై ముప్పై బంతులు కొడ్త. పరీక్షలకు ఏం కాదు."

తొమ్మిది ముప్పైలు రెండు వందల డెబ్బై. సరిగ్గా బ్యాటుకు కావలసినన్ని. ఆ లెక్క పదో తరగతి పిల్లకు వచ్చింది గానీ పక్కనే ఉన్న లెక్కల సారుకు రాలేదు, నాకూ రాలేదు. నాకు వేరే లెక్క వచ్చింది. ఐదున్నరకు పిల్ల వస్తే నేనూ రావాలి. అంటే నేనుండే నిజామాబాద్‌లో నాలుగింటికి లేవాలి, చలిలో మొదటి బస్సు పట్టుకోవాలి. "నువ్వు సదువుకో పో, పరీక్షలున్నయ్" అన్నాను. పిల్లల చదువు మీద అంత శ్రద్ధ నాకు అంతకుముందు ఎన్నడూ పుట్టలేదు.

అప్పుడు లెక్కల సారు ఫోను తీశాడు. కొత్తగా వచ్చిన కుర్ర మాస్టరు, ఏదడిగినా ఫోనులో చూపిస్తాడు. "మేడమ్, బైటి దేశాలల్ల గిసొంటి బ్యాటును రెండు రోలర్ల నడుమ పెట్టి తిప్పుతరట. ఒక్క గంటల నార మొత్తం సడలుతదట. సూడుండ్రి వీడియో."

పోటీల్లో అలా చేసిన బ్యాటు పనికిరాదని, పట్టుబడితే ఆడినవాళ్లను బయటికి పంపుతారని నాకు తెలుసు. తెలియదని రాస్తే బాగుండేది. కానీ ఎవరు చూస్తారులే అనుకున్నాను.

"మనకు రోలర్లేడ దొరుకుతయ్ సార్?" అని అడిగాను. అడుగుతూనే కిటికీలోంచి చూశాను. మాది చెరుకు సీమ. చక్కెర ఫ్యాక్టరీ మూతబడి ఏళ్లయింది, చెరుకు తోటలు చాలా మటుకు వరిమళ్లయ్యాయి. కానీ స్కూలు గేటు ముందు చెరుకు రసం బండి మాత్రం ఒక్కరోజూ మూతబడలేదు. ఆ ఆలోచన నాదే. లెక్కల సారు మీదికి నెట్టడానికి చాలా ఏళ్లు ప్రయత్నించాను, కుదరలేదు.

బండివాడు పెద్దమనిషి, మా పిల్లల తాతల వయసు. బ్యాటు చూసి నా మొహం చూశాడు.

"గిదేం పైత్యం మేడమ్? గిది చెరుకు మిషన్. గిసొంటి రోకళ్లు పెడ్తె మిషన్ పండ్లిరుగుతయ్."

"రోకలి కాదు, బ్యాటు. మెల్లగ తిప్పితే ఏం కాదు."

"ఏదైతేంది, అండ్లకెళ్లి రసమైతే రాదు గద" అని గొణుగుతూ మరలు వదులు చేశాడు. బ్యాటుకు గోనెసంచి చుట్టాం. ఇంతలో ఆ పిల్ల గేటు దాటి పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, వద్దు మేడమ్. దానికి పండ్లున్నయ్, బ్యాటు నలుగుతది. నేను కొట్టుకుంట అంటున్న గద!"

"నిన్ను ఎవరడిగిండ్రు? క్లాసుకు పో" అన్నాను.

మూడుసార్లు తిప్పాం. మొదటిసారి కిర్రుమంది, మూడోసారి ఏ చప్పుడూ రాలేదు. నార సడలిందని సంతోషించాం. బండివాడు అదే మిషన్లో చెరుకు పెట్టి, అల్లం, నిమ్మకాయ వేసి మాకు రసం ఇచ్చాడు. మొదటి గ్లాసు కొంచెం నల్లగా వచ్చిందని లెక్కల సారు అన్నాడు. అని తాగాడు.

మరునాడు ఆ బ్యాటుతో కొడితే బంతి ప్రహరీ దాటి పక్క పొలంలో పడింది. స్టాఫంతా చప్పట్లు. హెడ్మాస్టరు నా దగ్గరికొచ్చి, "సూసిండ్రా మేడమ్? బీరువల పెడితే ఎంత భద్రంగున్నదో!" అన్నాడు. నేను కూడా అవునన్నాను. ఆ పిల్ల మాత్రం బ్యాటును చెవి దగ్గర పెట్టుకుని వేలిగోరుతో చుట్టూ కొట్టి చూస్తోంది.

"మేడమ్, సప్పుడు మారింది. మొన్న అంత ఒక్క తీరుగుండె. ఇప్పుడు గీ పక్క బోలుగంటుంది. కొడితే చేతులు జుమ్మంటున్నయ్. నేను పాతదానితోనే ఆడ్త."

"పెద్దోళ్లు చెప్తే ఇనుడు నేర్సుకో ముందు" అన్నాను. ఆమె ఇంకేం మాట్లాడలేదు. మా స్కూల్లో పిల్లలకు మేము బాగా నేర్పేది అదొక్కటే.

పోటీల చివరి రోజు. మూడో స్థానం కోసం మా మ్యాచ్. పొగమంచు ఇంకా విడలేదు. షామియానా కింద సెలెక్షన్ కమిటీ, పక్కన అతిథులు, వాళ్లలో రైస్‌మిల్లు యజమాని కూడా ఉన్నాడు. తన బ్యాటు చూడ్డానికే వచ్చానని అందరికీ చెబుతున్నాడు. అప్పటిదాకా మ్యాచుల్లో పిల్ల పాత బ్యాటుతోనే బాగా ఆడింది. ఆ రోజు దాత ఎదురుగా ఉన్నాడని హెడ్మాస్టరు చెవిలో చెప్పాడు, కొత్తది తీయమని నేను చెప్పాను. సంచి తెరిస్తే బ్యాటు నిండా చీమలు. పిల్ల తువ్వాలతో దులుపుతూ నావైపు చూసింది. నేను స్కోరుబోర్డు చూశాను.

ఇద్దరు పిల్లలు బేసుల మీదున్నారు. మంచి బంతే వచ్చింది. ఆమె చక్కగానే కొట్టింది. ఫట్టుమని చప్పుడైంది, బంతి దొర్లుకుంటూ పోయి బౌలింగ్ చేసే పిల్ల కాళ్ల దగ్గర ఆగింది. బ్యాటు పైనుంచి సగం దాకా చీలి, ఒక పొర చెరుకు తొక్కలా వేలాడుతోంది.

అంపైరు బ్యాటు తీసుకున్నాడు. కళ్లద్దాల మనిషి, తొందరలేని మనిషి. అటూ ఇటూ తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "గిదేందమ్మా, బ్యాటు అల్లం వాసన కొడుతుంది?" అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వబోయాను. ఆయన బొటనవేలితో బ్యాటు మీద రాసి చూశాడు. గోనెసంచి చుట్టినా మిషన్ పళ్ల గుర్తులు రెండు వైపులా వరసగా పడి ఉన్నాయి. ఆయన నవ్వు ఆగిపోయింది.

"దీన్ని మిషన్ల పెట్టిండ్రు. ఎవరు చేసిండ్రు గిది?"

ఆ పిల్ల నావైపు చూసింది. నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను. ఆమె తల దించుకుని, "నాకు తెల్వది సార్" అంది.

"తెల్వదంటే ఎట్ల? బ్యాటు నీ చేతులున్నది. ఔట్. గ్రౌండ్ బైటికి పో. పేరు కమిటీకి రాసి పంపుత" అన్నాడు.

నేను నోరు విప్పాల్సిన క్షణం అదే. విప్పలేదు. రిటైర్మెంటుకు మూడేళ్లుంది. ఉత్తమ ఉపాధ్యాయురాలి ఫైలు జిల్లా ఆఫీసుకు పోయి ఉంది. ఇవన్నీ ఆ ఒక్క క్షణంలో నాకెంత స్పష్టంగా గుర్తొచ్చాయో చెప్పలేను. పిల్ల పేరే గుర్తు రాలేదు. లెక్కల సారు పక్కకొచ్చి, "మేడమ్, సలికి పగిలిందని చెప్దాం. సంచిల ఉన్న బ్యాటు కాగితంల గూడ గట్లనే రాసున్నది" అన్నాడు. కాగితం చదవడానికి ఆయనకు అప్పుడు తీరిక దొరికింది.

పిల్ల నీళ్ల ట్యాంకరు నీడలో కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికయ్యేది, ఏడ్చే పిల్లల్ని ఓదార్చడం నాకు బాగా వచ్చు. మధ్యాహ్నం భోజనం పొట్లాలిచ్చారు. నేను తిన్నాను. మొత్తం తిన్నాను, అది కూడా దాచకుండా రాస్తున్నాను. తింటుండగానే మైకులో రాష్ట్ర జట్టు పేర్లు చదివారు. పదహారు పేర్లు. ఆమె పేరు లేదు. నేను ఇంకా పొట్లం ముందే ఉన్నాను. అప్పుడు ఆ పిల్ల లేచి వచ్చి, "మేడమ్, నీళ్లు తెచ్చిన, తాగుతరా?" అంది.

ఆ గ్లాసు అందుకోలేకపోయాను. లేచి షామియానా కిందికి పోయాను.

"సార్, బ్యాటు మిషన్ల పెట్టింది నేను. పిల్ల వద్దని మొత్తుకున్నది. దాని తప్పేం లేదు."

అంపైరు కళ్లద్దాలు తీశాడు. "ఏ మిషన్ మేడమ్?"

"చెరుకు మిషన్."

కమిటీలో ఎవరో పకపకా నవ్వారు. అంపైరు నవ్వలేదు.

"గీ మాట పొద్దున చెప్తే నేను పిల్లను ఒక్క మ్యాచ్‌కే ఆపుతుంటి. అది మంచిగ కొడుతది, అందరం సూసినం. ఇప్పుడు పేర్లు మైకుల చదివినం." షామియానా బయట చూపించాడు. ఎంపికైన పిల్లలు ఒకరినొకరు పట్టుకుని గెంతుతున్నారు. "అండ్ల ఎవరి పేరు తియ్యమంటరో మీరే చెప్పుండ్రి."

నేను బయటికి చూశాను. ఒక పొట్టి పిల్ల ఎవరి ఫోనులోనో ఇంటికి అరిచి చెబుతోంది, "బాపూ, నా పేరొచ్చింది!" అని. నేను ఏ పేరూ చెప్పలేదు. తప్పు పిల్లది కాదని మాత్రం అంపైరు రాసి ఇచ్చాడు. "గంతే నా చేతులున్నది" అన్నాడు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. నాకు మెమో వచ్చింది, ఏడాదిపాటు జట్టుకు కోచ్‌గా ఉండకూడదన్నారు. ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం లెక్కల సారుకు ఇచ్చారు. బ్యాటు వాతావరణం వల్ల పగిలిందని హెడ్మాస్టరు నివేదిక రాసి, ముక్కలను గుడ్డలో చుట్టి మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే మీరు దానికోసమే చదువుతారు. మరుసటి ఏడాది ఆ పిల్ల పైవయసు జట్టుకు ఎంపికైంది, హాస్టల్ సీటు వచ్చింది. నేను కోచ్‌ని కాదు కాబట్టి ఆ గొప్ప నాకు దక్కలేదు, అది న్యాయమే. నేను చెప్పాలనుకున్నది దానికి ముందు జరిగింది.

పోటీలైన ఆదివారం వాళ్లింటికి పోయాను. తల్లి వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. జరిగిందంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"అది ఇంటికొచ్చి గివేం చెప్పలే మేడమ్. బ్యాటిరిగింది, పేరు రాలే అన్నది. నీ ముచ్చటే తియ్యలే" అంది. కాసేపు చుట్టింది. "నువ్వొచ్చి ఒప్పుకున్నవ్, మంచిదే. మరి దాని సీటు ఎవరిస్తరు?"

"ఇంకొక్క ఏడాది పంపు అక్కా. రోజు పొద్దున నేనే వచ్చి నేర్పుత. బతిలాడుతున్న" అన్నాను.

ఆమె చాట పక్కన పెట్టింది. నావైపు తేరిపార చూసింది.

"పంపుత. పదోతరగతి కాంగనే బోధన్ కాలేజీల ఏస్త. గని ఒక్కటి మేడమ్. ఇన్ని దినాలు అది నీ మాట ఇన్నది. ఇగ నువ్వు దాని మాట ఇనాలె. నా బిడ్డ వద్దంటే వద్దే."

సరేనన్నాను. మరునాడు నాలుగింటికి లేచి మొదటి బస్సు ఎక్కాను. ఐదున్నరకు గ్రౌండ్‌కు పోయేసరికి పిల్ల అక్కడే ఉంది. నేను నోట్‌బుక్ తీశాను. ఏడాదికి సరిపడా ప్రణాళిక, గీతలు కొట్టి, గళ్లు వేసి, రాత్రంతా కూర్చుని రాశాను. మొదటి రోజు వంద బంతులు.

"మేడమ్, ఇయ్యాల బ్యాటింగ్ వద్దు" అంది. "నిన్న ఆకు బాగ కత్తిరిచ్చిన. చేతులు గుంజుతున్నయ్."

ఈ మాటకు ముప్పై ఏళ్లుగా నా దగ్గర ఒకటే జవాబు ఉండేది. సాకులు చెప్పకు, గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టు. అది నోటిదాకా వచ్చింది కూడా. నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టాను.

"మరి ఏం చేద్దాం?" అని అడిగాను.

నిజంగానే అడుగుతున్నానా అని ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది.

"జర సేపు కూసుందం మేడమ్" అంది.

కూర్చున్నాం.